ఆరడుగుల బాబాయిగారు

తొంభైల చివర్లో నేను కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక బోర్డుల దుకాణంలో పనిచేసేదాన్ని. ప్లాట్లు అమ్మేవాళ్లకు పెద్ద పెద్ద రంగుల బోర్డులు అచ్చువేయడం మా పని. ఎవరైనా ఫోటో తెస్తే అది పెద్ద సైజుకు పనికొస్తుందో లేదో తేల్చేది నేను. కంప్యూటర్‌లో బొమ్మను పెంచుకుంటూ పోయి, అది గళ్లు గళ్లుగా విడిపోగానే "రాదు" అని మొహం మీదే చెప్పేసేదాన్ని. "జర మెల్లగ చెప్పమ్మా, గిరాకీ పారిపోతది" అని మా యజమాని మొత్తుకునేవాడు. మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. మాది అనంతపురం.

మేముండే ఇంట్లో కింది వాటా గోదావరి జిల్లా దంపతులది. పిన్నిగారూ బాబాయిగారూ అని పిలిచేదాన్ని. హైటెక్ సిటీ పుణ్యమా అని చుట్టుపక్కల హాస్టళ్లు పుట్టుకొచ్చాయి. వాటిల్లో నీళ్ల సాంబారు తాగుతున్న పిల్లల్ని చూసి పిన్నిగారికి కడుపు తరుక్కుపోయేది. వీధి మొదట్లో ఒక షట్టర్ గది కిరాయికి తీసుకుని కూరలు వండి అమ్ముతానంది. బాబాయిగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. పరువు పోతుందని గోల చేశారు. చివరికి, "సరే, ఒక నెల చూడు. జనం రాకపోతే తాళం వేసి, మళ్లీ ఆ ఊసెత్తకూడదు" అన్నారు. పిన్నిగారు ఒప్పుకుంది. ఆవిడ ఆశంతా ఆ నెల మీదే ఉంది.

ఆ రోజుల్లోనే మా యజమాని ఫ్లాపీ పెట్టి తీసే డిజిటల్ కెమెరా కొన్నాడు. దాని సంగతేమిటో చూద్దామని ఆదివారం ఇంటికి తెచ్చాను. బాబాయిగారు గుత్తి వంకాయ కూరతో అన్నం తింటున్నారు. కళ్లు సగం మూసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఈ లోకంలో లేరు. మీసం మీద ఒక మెతుకు. టక్కున నొక్కేశాను. తర్వాత దుకాణానికి తీసుకెళ్లి చూపిస్తే పిన్నిగారు ఆ కంప్యూటర్ ముందు నుంచి కదలదు.

"ఇదే బోర్డు మీద వేయించు అమ్మాయ్. ఈ మొహం చూస్తే ఎవడికైనా ఆకలేస్తుంది."

"రాదు పిన్నిగారూ," అన్నాను. "చిన్న బొమ్మ. ఆరడుగులు చేస్తే చెడిపోతుంది."

పోనీ అని రీలు కెమెరా తెచ్చి, అదే కూర వండించి, ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టాం. రేషన్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పిన్నిగారు ఆ ఫోటోలు పక్కన పడేసి, "నీ చిన్న బొమ్మే వెయ్యి" అంది.

వేశాం. దుకాణం నేల మీద పరిస్తే గది మొత్తం నిండిపోయింది. అంచున గొంతుకూర్చుని చూడాల్సి వచ్చింది. మీసమంతా ఇటుకలు. వంకాయలు మెట్లు మెట్లుగా. ఏడుపొచ్చింది నాకు.

"ఏందిది, గళ్ల లుంగీ లెక్కున్నది," అన్నాడు మా యజమాని.

మళ్లీ వేయడానికి టైము లేదు. తెల్లవారితే పిన్నిగారి కూరల దుకాణం తెరవాలి. పిన్నిగారు మాత్రం, "కట్టించెయ్యి, ఏమీ లేకపోవడం కంటే నయం" అంది.

పొద్దున్నే బోర్డు కట్టారు. దాని కింద నిలబడే మొహం లేక, పూలు కొనే వంకతో రోడ్డు దాటాను. బస్టాపు దగ్గర నిలబడి, చూడకూడదు అనుకుంటూనే వెనక్కి తిరిగాను. అంత దూరం నుంచి ఇటుకలూ లేవు, మెట్లూ లేవు. బాబాయిగారు కళ్లు మూసుకుని హాయిగా తింటున్నారు. మీసం మీద మెతుకు కూడా కనబడుతోంది. నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంతకాలం అచ్చువేసిన బోర్డుల్లో ఒక్కదాన్నీ కట్టినచోట చూసిన పాపాన పోలేదు. అవి తెల్లాపూర్ వైపు పొలాల్లోకి పోయేవి, మేం మాత్రం ఆ ఇరుకు గదిలో నేలకు ముక్కు ఆనించి తీర్పులు చెప్పేవాళ్లం. రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పూలమ్మి నన్ను వింతగా చూసింది.

మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. పిన్నిగారు గిన్నెల మూతలు తీసి చూసుకోవడం, మళ్లీ పెట్టడం. బాబాయిగారు మూల కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

అంతలో మెడల్లో ఆఫీసు కార్డులతో ఇద్దరమ్మాయిలు బస్టాపులో నిలబడి బోర్డు వైపు వేలు చూపించారు. వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని రోడ్డు దాటారు.

"ఆంటీ, ఆ అంకుల్ తింటున్నదేంటండీ? అదే ఇవ్వండి."

పిన్నిగారు గరిటె అందుకుంది. పేపరు మడిచిన చప్పుడైంది. బాబాయిగారు లేచి వచ్చారు.

"గుత్తి వంకాయమ్మా. వేడన్నంలో కలుపుకోవాలి. మీ హాస్టల్లో నెయ్యి పోస్తారా?"

"అయ్యో, ఎక్కడండీ."

"అయితే కూర ఇంకాస్త ఎక్కువ వెయ్యవే," అన్నారు పిన్నిగారితో.

ఆ అమ్మాయిలు వెళ్లాక మరి కొందరు వచ్చారు. మూడు గంటలకల్లా ఆ గిన్నె ఖాళీ. బాబాయిగారు గిన్నెలోకి తొంగిచూసి, మేకుకు తగిలించిన సంచీ తీసుకున్నారు.

"ఎక్కడికండీ?" అంది పిన్నిగారు.

"మార్కెట్‌కి. రేపటికి వంకాయలు అక్కర్లేదూ?"