స్కోరు అడిగితే మాట్లాడినట్టు కాదు

నా వయసువాళ్ళు నలుగురు చేరారంటే ఆ ఇద్దరి టెన్నిస్ ఆట తలుచుకుని నిట్టూర్చందే లేవరు. ఈమధ్య ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో కూడా అదే జరిగింది. భోజనాలయ్యాక ఎవరో పెద్ద టీవీలో వాళ్ళ పాత మ్యాచ్ పెట్టారు. "అలాంటి పోటీ మళ్ళీ రాదండీ," అని ఒకాయన, "ఈ కాలం పిల్లలకి ఆ పట్టుదల ఏదీ," అని ఇంకొకాయన. నేను తిన్న ప్లేటు పట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాను. ఆ ఇద్దరు ఆడవాళ్ళ ఆట నేను చూసినంతగా అక్కడున్న వాళ్ళెవరూ చూసి ఉండరు. చూడటమే కాదు, ఏళ్ళ తరబడి బంతి బంతికీ పైకి చెప్పాను. ఆ చెప్పింది ఒక్క మనిషి కోసం.

డెబ్బైల చివర్లో మేం మన దేశంనుంచి ప్లెయిన్స్‌బరో వచ్చాం. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అప్పటికే అక్కడ ఉన్నారు. తమ్ముడికి ఉద్యోగం చూసి పిలిపించుకున్నది ఆయనే. ఒకే అపార్ట్‌మెంట్లలో వాళ్ళు కింద, మేం పైన. మా తోటికోడలిని నేను అక్కా అనేదాన్ని. ఆవిడకీ నాకూ డ్రైవింగ్ రాదు. మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళారంటే సాయంత్రం దాకా ఇద్దరం ఒకే ఇంట్లో పడి ఉండేవాళ్ళం. టీవీలో సీరియళ్ళు పెడితే వాళ్ళు గడగడా మాట్లాడేస్తుంటే ఎవరు ఎవరి మొగుడో కూడా తెలిసేది కాదు. టెన్నిస్‌కి ఆ బాధ లేదు. బంతి గీత దాటితే దాటినట్టే. మాకు ఆ ఆట అలా పట్టుకుంది.

ఆ ఇద్దరు ఆటగత్తెల్లో అక్క మనిషి వెనక గీత దగ్గరే నిలబడి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, వచ్చిన బంతినల్లా తిరిగి పంపించేది. నా మనిషి ఎడంచేతి వాటం. సొంత దేశం వదిలేసి వచ్చిన పిల్ల, ఎప్పుడూ వల మీదికి పరిగెత్తేది. "ఆ ఎడంచెయ్యిని చూస్తే నాకు ఒళ్ళు మంటే," అనేది అక్క. "మీ గోడకంటే నయమే," అనేదాన్ని. అక్కని అంత మాట ఇంకే విషయంలోనూ అని ఎరగను. టెన్నిస్‌లో మాత్రం ఆవిడ పెద్దరికాన్ని నేను పైసా లెక్క చేసేదాన్ని కాదు, ఆవిడకీ అదే ఇష్టం.

ఒక్క చాదస్తం ఉండేది ఆవిడకి. తన కళ్ళు పడితే తన మనిషి ఓడిపోతుందని నమ్మకం. ఎప్పుడో చూస్తూ ఉండగా రెండుసార్లు అలా అయిందట. అందుకని ఆట మొదలవగానే వంటగదిలోకి వెళ్ళిపోయి, పప్పు మెదుపుతూ, "ఎంతయిందే?" అని అడుగుతూ ఉండేది. నేను హాల్లోంచి చెప్పేదాన్ని. "ఫార్టీ లవ్ అక్కా, మీ ఆవిడ పనయిపోయింది." "నోరు ముయ్యి. సర్వీస్ ఎవరిది?" ఇదీ వరస. నా పెళ్ళయ్యాక నేను సుఖపడిన రోజులు ఏవీ అంటే అవే చెప్తాను.

ఎనభైల మొదట్లో మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ నెలలోనే బావగారు ఎడిసన్‌లో కొత్త ఇల్లు కొనుక్కుని, తెలిసిన వాళ్ళందరినీ భోజనాలకి పిలిచారు. అందరి ముందూ, చేతిలో గ్లాసుతో, "నేను పిలిపించకపోతే వీడు ఎక్కడుండేవాడు? ఇప్పుడు మళ్ళీ నేనే చూసుకోవాలి," అన్నారు నవ్వుతూ. మా ఆయన కంచం ముందునుంచి లేచారు. అన్నం మీదనుంచి లేచిన తమ్ముడూ, లేపిన అన్నా ఇక కలుస్తారా? ఇంటికొచ్చాక ఫోన్లలో ఏం అనుకున్నారో అనుకున్నారు. మాటలు ఆగిపోయాయి, రాకపోకలు ఆగిపోయాయి.

అంతటితో పోయినా బాగుండేది. బావగారు అక్క చెయ్యి తన తలమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. మా ఇంటివాళ్ళతో మాట్లాడితే తన మీద ఒట్టేనని. ఈ సంగతి నాకు ఇద్దరికీ తెలిసిన వాళ్ళు చెప్పారు. విని, ఇక అక్క లేదనుకున్నాను. మొగుడి తలమీద పెట్టిన ఒట్టు ఆవిడ తప్పే మనిషి కాదు.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఒక శనివారం పొద్దున, ఆ ఇద్దరి ఫైనల్ నడుస్తుండగా ఫోన్ మోగింది. మా ఆయన ఇంట్లో లేరు. ఎత్తి హలో అన్నాను. అవతలనుంచి దూరంగా గడ్డి కోసే మెషీన్ చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎంతయిందే?"

"అక్కా, ఎలా ఉన్నారు?" అన్నాను.

"అవన్నీ వద్దు. మాట్లాడనని ఒట్టు వేశాను. స్కోరు అడిగితే మాట్లాడినట్టు కాదుగా. ఎంతయిందో చెప్పు."

చెప్పాను. ఫోన్ తీగ సోఫా దాకా లాక్కుని, నేల మీద కూర్చుని, ప్రతి పాయింటూ చెప్పాను. బావగారి గడ్డి మెషీన్ ఆగగానే ఆవిడ పెట్టేసింది.

అప్పటినుంచి వాళ్ళిద్దరూ ఎక్కడ తలపడినా, బావగారు ఇంట్లో లేనప్పుడో, పెరట్లో ఉన్నప్పుడో ఫోన్ వచ్చేది. నేను చెప్పేది స్కోరే, ఆవిడ అడిగేదీ స్కోరే. వాళ్ళమ్మాయి ఎంత ఎదిగిందో నాకు తెలీదు. నాకు ఆడపిల్ల పుట్టిన సంగతి ఆవిడకి తెలుసో లేదో కూడా తెలీదు. ఒకసారి పిల్ల పక్కన ఏడుస్తుంటే అవతలనుంచి ఆవిడ మెల్లిగా, "ఎత్తుకుని చెప్పు," అంది. ఒట్టులో ఆ రెండు మాటలు ఎలా ఇముడ్చుకుందో మరి.

మా మనుషులు గెలిచినా ఓడినా నాకు పట్టింపు పోయింది. ఆట మూడో సెట్‌కి వెళ్ళాలి, అంతే. నా ఎడంచేతి పిల్ల చకచకా గెలిచేస్తుంటే దాన్ని తిట్టుకునేదాన్ని. ఆ సంవత్సరాల్లో అది అక్క మనిషిని అదే పనిగా ఓడించింది. లోకమంతా దాన్ని మెచ్చుకుంటుంటే, ఇంత తొందరేమిటే నీకు, అనుకునేదాన్ని.

ఒకరోజు ఒక పెద్ద పాయింట్ దగ్గర అక్క మనిషి కొట్టిన బంతి వల అంచుకి తగిలి ఇవతల పడింది. నేనింకా నోరు తెరవలేదు. అవతల, "అయ్యో," అని వినపడింది. ఆవిడా టీవీ సౌండ్ తీసేసి, ఎదురుగా కూర్చుని చూస్తోందన్నమాట. ఎప్పటినుంచో ఏమో. తన కళ్ళు పడితే ఓడిపోతుందన్న నమ్మకం ఎప్పుడు వదులుకుందో, అసలు వదులుకోకుండానే ఓడినా పర్వాలేదనుకుని చూస్తోందో. అడగలేదు. "అడ్వాంటేజ్ మా ఆవిడకి," అన్నాను. "ఊఁ," అంది. ఆ రోజు ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

చివరి సంవత్సరాల్లో ఆవిడ గొంతు సన్నబడింది. చెప్పిన స్కోరే మళ్ళీ చెప్పమనేది. మధ్యలో ఊపిరి అందనట్టు ఆగేది. నేను ఒకసారి ఉండబట్టలేక, "ఒంట్లో బాగాలేదా అక్కా?" అన్నాను.

"సర్వీస్ ఎవరిది?" అంది.

ఆ ఒట్టు మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. ఆయన తల చల్లగా ఉండటానికి ఈవిడ ప్రాణం మీదికి వచ్చినా చెప్పకూడదు. మా ఆయనతో అందామనుకున్నాను. అంటే, నీకెలా తెలుసు అంటారు. ఆ కాస్త ఫోనూ పోతుంది. నోరు నొక్కుకున్నాను.

తర్వాత అక్క మనిషి ఆట మానేసింది. నా మనిషి ఇంకా ఆడుతూనే ఉంది గానీ, ఎదురుగా వేరే ఎవరో పిల్లలు. వాళ్ళ స్కోరు ఆవిడ ఎందుకు అడుగుతుంది? అయినా శనివారాలు ఫోన్ దగ్గరే తచ్చాడేదాన్ని. నేనే చేద్దామంటే, బావగారు ఎత్తితే ఏం చెప్పను?

ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. మా ఆయన ఎత్తారు. బావగారే. ఇన్నేళ్ళకి తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట, "మైల కదరా, మీకు చెప్పకపోతే తప్పు," అని. అక్క ఆ తెల్లవారుజామున ఆస్పత్రిలో పోయిందట. కొన్నేళ్ళుగా మందులు వాడుతున్నారట.

మా ఆయన ఫోన్ పెట్టేసి, "వదిన పోయింది. తలస్నానం చెయ్యి," అన్నారు. చేశాను. ఒక్క వంశం కదా, పది రోజులు మైల పట్టాలి. దేవుడి దగ్గర దీపం పెట్టలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడతో ఒక్క మాటకి చుట్టరికం లేదన్నారు. పోయాక పది రోజులకి సరిపడా చుట్టరికం వచ్చింది.

ఫ్యునరల్ హోంలో అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. చూసినవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కౌగిలింత ఆవిడ ఉండగా చేసి ఉంటే ఏం పోయేది? అక్క మొహం చూశాను. చిక్కి సగమైంది. దగ్గరగా వంగి ఏదో చెప్దామనుకున్నాను. మాకు మాటలు అలవాటు తప్పిపోయాయి.

ఆ మైల రోజుల్లోనే ఒక శనివారం టీవీలో టెన్నిస్ వచ్చింది. మైలలో టీవీ పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు, పెట్టాను. సౌండ్ తీసేశాను. నా ఎడంచేతి మనిషి ఎవరో కుర్రపిల్ల చేతిలో ఓడిపోతోంది. నేల మీద కూర్చున్నాను. నాకు తెలియకుండానే పైకి చెప్పడం మొదలుపెట్టాను. ఫిఫ్టీన్ థర్టీ. ఫిఫ్టీన్ ఫార్టీ. సర్వీస్ మా ఆవిడదే, కాలు లాగుతోంది పాపం.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మీ వదినతో," అన్నాను.

ఆయన వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. టీవీ వైపు చూస్తూ, గొంతు సవరించుకుని, "స్కోరు ఎంత?" అని అడిగారు.

చెప్పలేదు.