గడియారం ఊపబోయి పెళ్లి ఆపాను

కోరుట్లలో నలభై మంది పెద్దల మధ్య నా ఎడమ చెయ్యి ఒక్కసారిగా పైకి లేచింది. దాంతో మా మరదలి పెళ్లి ఆగిపోబోయింది, మా మామకు బీపీ పెరిగింది, పళ్లెంలో పెట్టిన కొబ్బరికాయలు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయాయి. నాలుగేళ్ల కిందటి మాట. చెప్పుకుంటే పరువు పోతుందని ఇన్నాళ్లూ దాచాను. దాచినా పోయేది పోతూనే ఉంది కాబట్టి, ఇక మీరూ వినండి.

నేను సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేస్తాను. మా దగ్గర వాటిని సాంచాలు అంటారు. పొద్దంతా వాటి దడదడల మధ్య బతికే మనిషికి, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత చిన్న చప్పుడు చేసే యంత్రం మీద మనసు పడటంలో వింత లేదు. నాకు మెకానికల్ చేతి గడియారాల పిచ్చి. బ్యాటరీతో నడిచేదాన్ని నేను గడియారాల లెక్కలో వెయ్యను. అది టైము చూపించే క్యాలిక్యులేటరు. నాకు కావలసింది లోపల పళ్ల చక్రాలు, వెంట్రుకంత స్ప్రింగు, ఊపిరి తీసినట్టు ఊగే చిన్న చక్రం. అలాంటివి నా దగ్గర పదకొండు ఉన్నాయి. ఆదివారం వాటిని వరసగా మెత్తటి గుడ్డ మీద పరిచి తుడుస్తుంటే, మా ఆవిడ సుజాత గడప దగ్గర నిలబడి ఒకే మాట అడుగుతుంది.

"ఇంట్ల పదకొండు గడియారాలున్నయి. ఒక్కనాడన్న అన్నం టైముకు అచ్చినవా?"

నేను తల ఎత్తకుండా తర్వాతి గడియారం తుడుస్తాను.

ఆ పదకొండింటిలో మహారాజు ఒక ఆటోమేటిక్. జగిత్యాలలో క్లాక్ టవర్ దగ్గర గడియారాలు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గర చూసి, రెండేళ్లు ఆయన కొట్టు చుట్టూ తిరిగి, ఆయన విసుగెత్తి ఇచ్చేస్తే తెచ్చుకున్నాను. దాని లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది గిర్రున తిరిగి స్ప్రింగును చుడుతుంది. ఆ పని మొత్తం కనపడేటట్టు వెనక మూతను అద్దంతో చేశారు. అద్దం పెట్టిందే చూపించడానికి. నేను నలుగురికీ చూపించకపోతే దాన్ని చేసినవాణ్ణి అవమానించినట్టే. అందుకని అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ, బస్సులో పక్కన కూర్చున్న పాపానికి మెడ తిప్పుకోలేనివాళ్లకూ చూపించేవాణ్ణి.

మా మరదలు లావణ్యకు సంబంధం కుదిరింది. వెల్గటూర్ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తుంది. పెళ్లికొడుకు నరేశ్‌ది మెట్‌పల్లి, పని మస్కట్‌లో. రెండు నెలల సెలవు మీద వచ్చాడు. కోరుట్లలో మా మామ భూమయ్య ఇంట్లో పూలు పండ్లు పెట్టుకుని ఖాయం చేసుకోవాలని అనుకున్నారు. నేను పెద్దల్లుణ్ణి. ముందు వరసలో కుర్చీ నాదే. అలాంటి రోజున మహారాజుకు తప్ప ఇంకెవరికి నా మణికట్టు మీద చోటు?

నెల రోజులుగా పెట్టెలో ఉన్నదాన్ని తీసి, టైము సరిచేసి, చేతికి కట్టాను. కారు సుజాత నడిపింది. స్టీరింగు పట్టుకుంటే నా గడియారానికి గీత పడుతుందని నా భయం. వేములవాడ దాటి కోరుట్ల చేరేదాకా ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా పైన దస్తీ కప్పి, పచ్చి బాలింత బిడ్డను పెట్టుకున్నట్టు కదలకుండా కూర్చున్నాను. ఆటోమేటిక్ గడియారానికి చెయ్యి కదలకపోవడం అంటే తిండి లేకపోవడమే అని పదిమందికి పాఠం చెప్పే నేను ఆ పూట ఆ సంగతే మరిచాను.

మామ ఇంటి ముందు టెంటు కింద నా పక్కన కూర్చున్నది పెళ్లికొడుకు మేనమామ లింగయ్య. బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్ల ఏడు తరాలను పలకరించేవాడట. ఆయన కన్ను నేరుగా నా మణికట్టు మీద పడింది. నాకు పండగే.

"మంచిగున్నదయ్యా. బ్యాటరీ ఎన్ని దినాలస్తది?"

"దీనికి బ్యాటరీ ఉండది మామా."

"మరి దినాం కీ ఇయ్యాల్నా?"

"కీ సుత అక్కర్లేదు. మన చెయ్యి ఆడితె చాలు, గదే నడుస్తది. మనిషి బతికున్నన్ని దినాలు గీ గడియారం ఆగది."

"అబ్బ! ఏది, జర సూపియ్యి," అని లింగయ్య కళ్లద్దాల కోసం జేబులు తడుముకున్నాడు. పై జేబులో లేవు. పక్క జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఈలోగా గర్వంగా గడియారం వైపు చూసుకున్నాను.

తొమ్మిదీ ఇరవై. సెకన్ల ముల్లు ఏడు మీద బిగుసుకుని నిలబడింది. అప్పుడు టైము పదకొండు దాటింది. నేను ఇప్పుడే చెప్పిన లెక్క ప్రకారం నేను వేములవాడ దగ్గరే పోయాను.

లింగయ్య పక్క జేబులో కళ్లద్దాల డబ్బా దొరికింది. ఆయన మూత తీస్తున్నాడు. ఆ అద్దాలు ఆయన ముక్కు మీదికి చేరేలోగా గడియారం నడవాలి. నాకు ఇంకేదీ కనపడలేదు, వినపడలేదు. సరిగ్గా అప్పుడే రెండు వైపులా మాటలు నడిపిన పెద్దమనిషి గంగారాం గొంతు సవరించుకుని చెబుతున్నాడట.

"మాటలన్ని అయినయి. పెండ్లయినంక పిల్ల నౌకరి మానేసి మెట్‌పల్లిల అత్తగారింట్ల ఉంటది. పిలగాడు మస్కట్ పోయి అస్తుంటడు. ఎవలకన్న అభ్యంతరం ఉంటె ఇప్పుడే చెయ్యి లేపుండ్రి. రేపటి దినం అంటె నడువది."

నేను చెయ్యి లేపాను.

మామూలుగా కూడా కాదు. చెవి పక్కకు తెచ్చి, బడి గంట కొట్టినట్టు నాలుగుసార్లు ఊపాను. లోపల టిక్కు టిక్కు మొదలైంది. హమ్మయ్య అనుకుని తల ఎత్తితే, టెంటు కింద ఆ టిక్కు టిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు. పళ్లెం అందించబోయిన ఆడమనిషి వంగినది వంగినట్టే ఉంది.

"భూమయ్యా," అన్నాడు గంగారాం. "మీ పెద్దల్లుడు చెయ్యి లేపిండు. ఒక్కసారి కాదు, మస్తుగ లేపిండు."

మా మామ నా వైపు తిరిగాడు. "ఏందల్లుడా? నీకేం అభ్యంతరం?"

నిజం చెబితే అయిపోయేది. "గడియారం ఆగింది" అంటే రెండు మాటలు. కానీ పక్కన లింగయ్య ముక్కు మీద కళ్లద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ మనిషి ముందు నా మహారాజు పరువు తియ్యడం నావల్ల కాలేదు. నోరు తెరిచాను. ఏ మాట ముందు వస్తే అదే అనుకున్నాను.

"పిల్లను... పిల్లను అడిగిండ్రా?"

"ఏం అడుగుడు?"

"గదే. నౌకరి మానేస్తదంటున్నరు గద. గా మాట లావణ్య చెప్పిందా?"

ఇంత మంచి ప్రశ్న నా బుర్రలో ఎక్కడుందో నాకే తెలియదు. గంగారాం ముఖం చిట్లించాడు. "తండ్రి ఉన్నడు, పెద్దలున్నం. పిల్లను అడుగుడేందయ్య?" ఇంతలో తలుపు చాటు నుంచి ఎవరో ఆడమనిషి గట్టిగానే అంది. "మంచిగ అడిగిండు. అడుగుండ్రి మరి!"

లావణ్య బయటికి వచ్చింది. పట్టుచీర, తలనిండా పూలు.

"బావ అడిగిండు కాబట్టి చెప్తున్న. పిలగాడు నాకు ఇష్టమే. నౌకరి మానుడు ఇష్టం లేదు. నా సెంటరుకు దినాం బాలింతలస్తరు, షుగరోళ్లస్తరు, ముసలోళ్లు బీపీ చూపిచ్చుకుందామని అస్తరు. ఆయన మస్కట్ల రెండేండ్లుంటె, నేను మెట్‌పల్లిల గోడలు చూసుకుంట కూసోవాల్నా? వెల్గటూర్లనే రూము తీసుకొని ఉంట. సెలవులకు అత్తమ్మ కాడికి అస్త. ఒప్పుకుంటెనే పెండ్లి."

పెళ్లికొడుకు తల్లి కుర్చీలోంచి లేచింది. "కోడలు ఇంట్ల ఉండనంటె ఇంక మాకు కోడలెందుకు? లెవ్వు నరేశ్, పోదాం."

మా మామ నన్ను చూసిన చూపు చెబుతాను. పసుపు కొమ్ములు ఉడకబెట్టే పెద్ద కడాయి పెరట్లోనే ఉంది. అందులో నేను పడతానా, కాళ్లు మడవాల్సి వస్తుందా అని ఆయన కొలుచుకుంటున్నాడు. సుజాత కిటికీలోంచి చూస్తోంది. ఆమె కళ్లలోకి చూసే ధైర్యం లేక నేను గడియారంలోకి చూశాను. అది హాయిగా నడుస్తోంది, ద్రోహి.

నరేశ్ లేచాడు. అంతా అయిపోయిందనుకున్నాను. అతను తల్లి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అమ్మా, జర కూసో. గీ మాట నేనే అడుగుదామని నాలుగు దినాల సంది చూస్తున్న, ధైర్యం సాలలే. ఆమె నౌకరి ఆమె చేసుకుంటది. నేను మస్కట్ల ఉంటె ఆమె మెట్‌పల్లిల ఉన్నా, వెల్గటూర్ల ఉన్నా నేను మాట్లాడేది ఫోన్లనే గద."

ముందు లింగయ్య నవ్వాడు. తర్వాత గంగారాం నవ్వాడు. పెళ్లికొడుకు తల్లి నవ్వలేదు. లావణ్యను దగ్గరికి పిలిచి, "బీపీ మిషిన్ ఇంటికి తెస్తవా? నాకు సుత చూడాలె," అంది. పళ్లెం చేతులు మారింది.

ఆ తర్వాత నా వైభవం ఏమని చెప్పను! మా అత్త కళ్లొత్తుకుంటూ, "అల్లుడంటె గిట్లుండాలె," అంది. కడాయి కొలిచిన మామే నా పక్కన నిలబడి మంచి ముక్కలు ఏరి నా విస్తట్లో వేశాడు. లావణ్య వచ్చి, "బావా, నువ్వు లేకుంటె నేను నోరు తెరవకపోతుంటి," అంది. నేను వారం రోజులు ఆలోచించి చేసినవాడిలా తల పంకించాను. కారులో సుజాత నా వైపు చూసి, "నీలో గింత మనిషున్నడని నాకు ఎరుకలేదు," అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్న మొదటి వాక్యం అది. నా ఛాతీకి కారు సీటు బెల్టు చాలలేదు.

మధ్యలో ఒక చిన్న సంగతి దాటవేశాను. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట నరేశ్ నా పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు.

"అన్నా, నీ గడియారంల ఇంక పొద్దుగాల్నే ఉన్నది."

చూసుకున్నాను. పదకొండున్నర దగ్గర ఉంది. అప్పటికి ఒంటిగంటన్నర దాటింది. నడుస్తోంది సరే, టైము సరిచెయ్యడం ఎవరికి గుర్తుంది?

"మస్కట్ల నేను చేసేది గడియారాల షాపుల," అన్నాడు. "నువ్వు చెవి కాడ పెట్టి ఊపంగనే సమజైంది. పెట్టెల ఉన్న ఆటోమేటిక్‌ను కట్టుకునే ముందుగాల గీ పక్క కీ ముప్పై చుట్లు తిప్పాలె అన్నా. ఊపుడు కాదు."

నా ఒంట్లో రక్తం మొత్తం చెవుల్లోకి చేరింది. "మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తె లావణ్య నౌకరి పోతుండె," అని నవ్వి, నా చేతిలోంచి గడియారం తీసుకుని, కీ తిప్పి, టైము సరిచేసి, నా దస్తీతోనే అద్దం తుడిచి ఇచ్చాడు. అంత పద్ధతిగా నా గడియారాన్ని ముట్టుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అలాంటివాడు నాకు తోడల్లుడు అవుతున్నాడంటే, సిగ్గులోనూ గర్వమే వేసింది.

అతను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అదే నా కొంప ముంచింది. మా అత్త మాత్రం చుట్టాలందరికీ కథలు కథలుగా చెప్పింది. "పిల్ల మనసు అడిగించే అల్లుడు" అని నాకు పేరు పడింది. ఎవరింట్లో పెళ్లి మాటలైనా నాకు కబురు వస్తుంది, ముందు వరసలో కుర్చీ వేస్తారు.

పోయిన ఏడు బోయినపల్లిలో అలాగే కూర్చున్నాను. ఈసారి మహారాజుకు ముప్పై చుట్లు తిప్పి, రెండుసార్లు లెక్క చూసుకుని మరీ కట్టుకున్నాను. గడియారం దివ్యంగా నడుస్తోంది. రెండు దాటింది, ఆకలి దంచుతోంది. టైము చూద్దామంటే చొక్కా చెయ్యి అడ్డం వచ్చింది. అది కిందికి జారాలని చెయ్యి కొంచెం పైకెత్తాను.

"ఆగుండ్రి!" అని ఎవరో కేక వేశారు. "కోరుట్ల పెద్దల్లుడు చెయ్యి లేపిండు!"

అందరూ నా వైపు తిరిగారు. పిల్ల తండ్రి ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను వెంటనే, ఈసారి ఏ దాపరికమూ లేకుండా, పచ్చి నిజం చెప్పాను.

"నాకేం అభ్యంతరం లేదు. టైము చూసుకున్న, గంతే."

"గట్లనే అంటడు. మొహమాటం మనిషి," అంది ఒక ముసలమ్మ.

అప్పటికే లోపలి గది తలుపు తెరుచుకుంది. పెళ్లికూతురు బయటికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. దాన్ని నెమ్మదిగా విప్పి నాకు దండం పెట్టింది. "మీరు అస్తరని రాత్రే రాసి పెట్టుకున్న అన్నా," అని చెప్పి, ఒకటో నంబరు నుంచి చదవడం మొదలుపెట్టింది. మొత్తం పద్నాలుగు షరతులు ఉన్నాయి. భోజనాలు నాలుగున్నరకు పెట్టారు.

కాబట్టి మహాజనులారా, ముప్పై చుట్లు తిప్పిన కీ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. పెళ్లి మాటలు జరిగే చోట నా ఎడమ చెయ్యి ఇక మోకాలు దాటి పైకి లేవదు. టైమెంతయిందో తెలియాలంటే, పక్కన కూర్చున్నవాడి ఫోనులోకి తొంగిచూస్తాను.