ఎడమ పక్క మనిషి

ఇది వీరగాథ. ఇందులో యుద్ధముంది, జలగండముంది, ఆడమనిషి పన్నిన వ్యూహముంది, శత్రువు గుమ్మం దాకా పోయి బందీని విడిపించుకొచ్చిన మొనగాడున్నాడు. గుండె దిటవు చేసుకొని చదవండి అని మొదలుపెట్టాలని నా కోరిక. కానీ మా చిన్నమ్మ పక్క గదిలోనే ఉంది, అబద్ధం రాస్తే ఆమెకు గోడ అవతలి నుంచే తెలిసిపోతుంది. కాబట్టి నిజం చెప్పేస్తున్నాను. యుద్ధం ఎక్కడో దూరదేశంలో జరిగింది. జలగండం జానెడు లోతు నీళ్లలో. మిగతా కథంతా ఇద్దరు మనుషులు ఒకే గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చోవడం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం చిక్కపేట నుంచి పట్టు వ్యాపారి ఒకాయన మా ఇంటికొచ్చాడు. తాడు లాగితే, అడ్డంగా దారం మోసే నాడెలు వాటంతటవే అటూ ఇటూ పరిగెత్తే కొత్త సరంజామా ఒకటి తెప్పించాడట. మా చిన్నాయన మగ్గానికి దాన్ని ఊరికే బిగించి ఇస్తానన్నాడు. చిన్నాయన పక్కన కూర్చుని ఉన్న మా తాతను, అంటే చిన్నమ్మ నాయన్ను, చూపించి, "ఈ పెద్దాయన్ను ఇంక లేపి ఓ మూల పడుకోబెట్టొచ్చు. పక్కన మనిషే అక్కర్లేదు" అన్నాడు. మా చిన్నాయన గొంతు పెంచగా నేను విన్నది చాలా తక్కువ. ఆ రోజు విన్నాను. "పక్కన మనిషి అక్కర్లేని మగ్గం మా ఇంట్లోకి రాకూడదు. కాఫీ తాగి పోప్పా" అన్నాడు. వ్యాపారి నోట్లోని కాఫీ నోట్లోనే ఉండిపోయింది. ఊరికే వచ్చేదాన్ని వద్దనే మనిషి ఆయనకు చిక్కపేట మొత్తంలో ఎన్నడూ తారసపడి ఉండడు.

మా చిన్నాయన కథ యుద్ధం రోజుల్లో మొదలైంది. అప్పుడు నూలుకు కరువు, పట్టుకు కరువు, సారాయికి మాత్రం ఏ కరువూ లేదు. చేతినిండా పని లేని నేతగాడికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా. తాగితే కొట్టేవాళ్లుంటారు, పాడేవాళ్లుంటారు; మా చిన్నాయన క్షమాపణలు చెప్పేవాడు. ఎదురొచ్చిన వాళ్లకూ, వీధి దీపం స్తంభానికీ, పొరుగింటివాళ్ల మేకకూ. ఇంటికి చేరేసరికి చిన్నమ్మకు చెప్పడానికి ఒక్కటి కూడా మిగిలేది కాదు.

మాది గుంట మగ్గం. నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు వదిలి, గట్టు మీద కూర్చుని నేస్తాము. ఆ ఏడు వానలు జాస్తిగా కురిసి వీధిలో గుంటలన్నిట్లో నీళ్లూరాయి. ఒకరోజు తెల్లవారి చిన్నమ్మ కసువు ఊడ్వడానికి మగ్గం గదిలోకి పోయింది. గుంటలోంచి రెండు అరికాళ్లు పైకి కనిపించాయి. నేతగాడికి కాళ్లు గుంటలో ఉండాలి, తల బయట ఉండాలి. మా ఇంట్లో అది తిరగబడింది. ఆమె కేక విని నేను పక్క గదిలోని నా మగ్గం గుంటలోంచి ఎగిరి దూకాను. ఇద్దరం కలిసి లాగితే చిన్నాయన పైకొచ్చాడు. ముఖం నేరేడుపండు రంగులో ఉంది. వీపు మీద చరిస్తే నోట్లోంచి నీళ్లూ, సారాయీ, వాటి వెనక ఒక దగ్గూ వచ్చాయి. ఆ దగ్గంత కమ్మని సంగీతం నేను మళ్లీ వినలేదు. మా వంశంలో సముద్రం చూసినవాడే లేడు, మునిగి చావబోయినవాడు మాత్రం తయారయ్యాడని అన్నాను. ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తడిసిన కొంగు పిండుకోవడం కూడా మరిచిపోయి ఆ గుంటలోకే చూస్తూ కూర్చుంది.

ఆ రోజు ఆయన తాగుడు మానేశాడు. ఇందులో వింతేమీ లేదు; మానడంలో ఆయనది అందెవేసిన చెయ్యి, ప్రతి పండక్కీ మానేవాడు. మానిన తర్వాత ఏం చెయ్యాలన్నదే ఆయనకు తెలిసేది కాదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు చేతులు వణికేవి, కాళ్లు వాటంతటవే గుంటలోంచి లేచేవి. మగ్గం మీద ఉండేది ఒక్కడు. లేస్తే అడిగేవాడెవడు?

ఆ సంగతి కనిపెట్టింది చిన్నమ్మే. వారం తిరక్కుండా రెండు పనులు చేసింది. ఒకటి, ఇకమీదట మా చిన్నాయన సాదా చీరలు నెయ్యడనీ, వేరే రంగు అంచున్న చీరలే నేస్తాడనీ మా చీరలు కొనే వ్యాపారికి చెప్పి పంపింది. రెండు, ఆనేకల్లు నుంచి వాళ్ల నాయన్ను పిలిపించింది. ఈ రెంటికీ సంబంధమేమిటో మగ్గం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చీర ఒక రంగు, అంచు ఒక రంగు అయితే మూడు నాడెలు కావాలి. రెంటిని నేసేవాడు చూసుకుంటాడు. ఎడమ అంచు నాడెను పక్కన ఇంకొకరు కూర్చుని విసరాలి. వీళ్లిద్దరిలో ఏ ఒక్కరు లేచినా రెండోవాడి పని ఆగిపోతుంది.

చిక్కేమిటంటే, మా వాళ్లలో ఆ ఎడమ పక్క చోటు చిన్నపిల్లలది. పాలపళ్లు ఊడే వయసులో అక్కడ కూర్చుని, మీసం మొలిచేలోగా లేచిపోతారు. అటువంటి చోట అరవై దాటిన మామ వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు. వీధి నిర్ఘాంతపోయింది. ఆయన కాఫీ కూడా ముట్టని మనిషనీ, నియమానికి పెట్టింది పేరనీ చిన్నమ్మ పదేపదే చెప్పేది. అంతటి పెద్దమనిషి మోకాళ్లు పటపటలాడించుకుంటూ గుంటలోకి దిగుతుంటే చూడటానికి ఆడవాళ్లు చంకలో బిడ్డలతో సహా వచ్చారు. "ఏం తాతా, బడికి పోవా?" అని నేనే ముందు అడిగాను. "అయివారు కొడతాడప్పా, ఈడే బాగుండాది" అన్నాడాయన.

మొదటి నెలలు వర్ణించను. చెమటలు, వాంతులు, అన్నం గిన్నె గోడకు తగలడం, ఇవన్నీ జరిగాయి. ఒకసారి చిన్నాయన విసిరిన నాడె నా చెవి పక్కగా పోయి తలుపులో దిగబడింది. సాయంత్రమయ్యేసరికి చిన్నాయన లేచేవాడు.

"యాడికి?" అనేవాడు తాత.

"యాడికో ఒగచోటికి. నువ్వెవురు అడిగేదానికి?"

"నేనెవుర్నీ కాదు. నాడె నీ దగ్గరుండాది, ఇట్ల పంపి పో."

పంపేవాడు. అది తిరిగి వచ్చేది. వచ్చిన నాడెను చేతిలో పెట్టుకొని ఏ నేతగాడూ లేవలేడు, అది మా రక్తంలో ఉన్న జబ్బు. మళ్లీ పంపేవాడు. ఒట్టు పెట్టించుకోవడం, నీతులు చెప్పడం, దేవుడి పటం ముందు నిలబెట్టడం తాతకు తెలియవు. "ఇది ఇట్ల రానీ, మళ్ల పోదువు" అన్న ఒక్క మాటే తెలుసు. అట్లా ఒక చీర అయింది. ఇంకో చీర అయింది. ఇంకో వానాకాలం వచ్చింది. చిన్నాయన అన్నం అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ కసువు ఊడ్చేటప్పుడు గుంటలోకి తొంగి చూడటం మానేసింది.

అప్పుడు జరిగింది. ఒక సాయంత్రం తాత నశ్యం కోసమని బయటికిపోయాడు. ఎంతసేపటికీ రాలేదు. చిన్నాయన కాసేపు అంచు నాడె వైపు చూస్తూ కూర్చుని, చెప్పాపెట్టకుండా లేచి పోయాడు. ఏ వైపు పోయాడో చూసిన పక్కింటావిడ పరుగున వచ్చి చెప్పింది: సారాయంగడి ఉన్న వీధి వైపు. చిన్నమ్మ గుమ్మం పట్టుకొని నిలబడింది. వెతికొస్తానని నేను చెప్పు తొడుక్కుంటుండగా వీధి మలుపులో ఇద్దరు కనిపించారు. ఒకరు తూలుతున్నారు, ఇంకొకరు మోస్తున్నారు. చిన్నమ్మ ఎదురుపోయి మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఏదీ, ఊదు."

ఊదాడు.

"ఇంగోసారి ఊదు."

"నేను కాదు మే," అన్నాడు చిన్నాయన. "మీ నాయన."

సారాయంగడి పక్కనే నల్లమందు అంగడి ఉంది; చిన్నాయన వెతుక్కుంటూ పోతే తాత దాని గుమ్మంలో పడి ఉన్నాడట. తాత ఆనేకల్లులో ఏళ్ల తరబడి నల్లమందు మింగినవాడట. కూతురికి తెలియకుండా మింగి, ఎవరికీ తెలియకుండా మానినవాడట. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చానే అన్నట్టు చిన్నమ్మ అక్కడే వీధిలో కూలబడిపోయింది. నాకు జన్మలో మొదటిసారి జోకు దొరకలేదు.

మరునాడు తాత గోడకు ఆనుకొని కూర్చుని, మూట కట్టుకుంటూ చెప్పాడు. "నీ మొగుడి కోసమే వచ్చినా అనుకుంటివా తల్లీ? ఆనేకల్లులో నా పక్కన ఎవురూ లేరు. నువ్వు పిలిస్తే బతికినా అనుకోని వచ్చినా. ఇంగ పోతాలే, ఏ మొగంతో ఉండేది."

మగ్గం గదిలోంచి చిన్నాయన పలికాడు.

"మామా, నాడె నా దగ్గరే ఉండాది. పంపనా?"

తాత మూట వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. మోకాళ్లు పటపటలాడాయి. దిగాడు.

సారాయంగడి గుమ్మం ముందు నుంచే తాతను మోసుకొచ్చావు గదా, తాగాలనిపించలేదా అని తర్వాత ఎప్పుడో చిన్నాయన్ను అడిగాను. "అనిపిచ్చింది. రెండు చేతులా మామ ఉండాడు గదా" అన్నాడు. ఒక చేత్తో పట్టుకోవచ్చు గదా అన్నాను. "పట్టుకోవచ్చు. మామ జాస్తి బరువప్పా."

తాత ఆ తర్వాత ఇంకొక్కసారి జారాడు. చిన్నాయన జారలేదు గానీ ఇప్పటికీ సారాయంగడి తగలకుండా సంతకు చుట్టుదారిన పోతాడు. ఎవరైనా నయమైందా అని అడిగితే, "అదంతా తెలీదు, ఇప్పుడు మాత్రం నేస్తాండాను" అంటాడు. తాతకు చూపు మందగించింది; నాడె చప్పుడును బట్టి అందుకుంటాడు, సగంసార్లు కింద పడేస్తాడు. ఆయన వల్ల మా చీరలు ఆలస్యమవుతాయని పేట మొత్తానికీ తెలుసు. ఆ ఆలస్యంలోనే ఇద్దరు మనుషులు బతికారని తెలిసింది మాకు మాత్రమే. కాలమే అన్నిటినీ మాన్పుతుందంటారు. మా ఇంట్లో మాత్రం కాలం కూడా, పక్కన ఒకరు కూర్చుంటే తప్ప, ముందుకు నడవలేదు.

ఈ వాక్యం నాకు నచ్చి, ఇక్కడే ఆపుదామని కలం పెట్టేస్తుండగా చిన్నమ్మ చెంబు పట్టుకొచ్చి ముందు పెట్టింది. నిన్నటి వానకు గుంట ఊరిందట. గుంటలో నీళ్లూరితే ముందు తోడాలి, తర్వాత బూడిద చల్లాలి. ఈ కాలంలో అది ఆరడానికి వారం పడుతుంది.