మా బావ పరీక్షించిన బ్యాటరీ

కరెంటు పోయిన ఎనిమిదో నిమిషానికి మా అక్క ఆక్సిజన్ మిషన్ ఆగిపోయింది. వానలు మొదలైన రోజులు, మధ్యాహ్నం మూడు దాటింది. గాలి లేచి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది కదా అని ఎవరం పట్టించుకోలేదు. కాసేపటికే ఇన్వర్టర్ సన్నగా కూయడం మొదలుపెట్టింది. మిషన్ ఒక్కసారి గట్టిగా అరిచి ఊరుకుంది. మంచం అంచున కూర్చున్న అక్క ముక్కు దగ్గరి గొట్టాన్ని తడిమి చూసుకుంది.

"తమ్మీ, గాలొస్తలేదు," అంది. మెల్లగానే అంది.

మూడు గంటలు నడవాల్సిన బ్యాటరీ అది.

అక్కను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి బోధన్ ఆసుపత్రికి బయల్దేరాం. పావుగంట దారి. చెరుకు తోటల మధ్య ఒకచోట తుమ్మకొమ్మ విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. దాన్ని లాగేసి వెళ్లేసరికి అరగంట అయింది. అక్క పెదాలు నల్లబడ్డాయి. పక్కన కూర్చున్న బావ దారంతా ఒకటే మాట: "పొద్దుగాల్నే జూసిన. పచ్చ మీదున్నది. ఆరుకు ఆరు పచ్చ మీదున్నయ్."

ఆయన అబద్ధం చెప్పడం లేదు.

మా బావ షక్కర్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతబడేదాకా అదే పని. చెరుకు రసాన్ని పొడవాటి పాత్రలో పోసి, గీతలున్న గాజు కాడను అందులో వదిలేవాడు. రసం చిక్కగా ఉంటే కాడ పైకి తేలుతుంది, పల్చగా ఉంటే మునుగుతుంది. రైతుల చెరుకు ఎంత తీపిదో ఆ గీత చెప్పేది. ఫ్యాక్టరీ పోయి ఏళ్లయినా ఆ చూపు ఆయనకు పోలేదు.

అక్క ఊపిరితిత్తులు గట్టిపడ్డాయనీ రోజులో ఎక్కువసేపు ఆక్సిజన్ పెట్టాలనీ డాక్టరు చెప్పాక ఇంట్లోకి ఇన్వర్టర్, పెద్ద బ్యాటరీ వచ్చాయి. బ్యాటరీని పరీక్షించడానికి దుకాణంలో ఒక గాజు గొట్టం ఇచ్చారు. రబ్బరు బుడ్డి నొక్కి లోపలి ద్రవాన్ని పైకి లాగితే అందులో చిన్న కాడ తేలుతుంది. పచ్చగీత దాకా తేలితే మంచిది, తెలుపు దగ్గర ఆగితే మధ్యస్తం, ఎరుపు దగ్గరే ఉంటే అయిపోయినట్టు. బావకు పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది. ప్రతి ఆదివారం ఆరు మూతలూ విప్పి, గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"నన్నెన్నడన్న గట్ల జూసినవా?" అని అక్క ఎత్తిపొడిచేది.

"నీకు పచ్చగీత లేదు గద," అనేవాడు బావ.

ఈ ఎండాకాలం చివర కాడ పచ్చ నుంచి తెలుపుకు దిగింది. "పల్చబడ్డది," అన్నాడు బావ. రసం గురించి అనే మాటే అది. పల్చటి రసంలో చిక్కటిది కలిపితే గీత పైకొస్తుంది. బ్యాటరీకి చిక్కటిదంటే ఎసిడ్. నిజామాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఒక డబ్బా తెమ్మని నాకు ఫోన్ చేశాడు. తెచ్చాను. బస్సులో పాదాల మధ్య పెట్టుకుని మరీ తెచ్చాను. దుకాణం అతను, "కొత్త బ్యాటరీకా, పాతదానికా?" అని అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో నేను అడగలేదు. పేపర్లో విలేకరిగా పనిచేసినన్నాళ్లూ ఒకరి మాట విని ఊరుకోలేదు. ఆ రోజు ఊరుకున్నాను.

ఎసిడ్ పోశాక బ్యాటరీలోని ఆరు గదులూ పచ్చకొచ్చాయి. అంతకుముందు కరెంటు పోతే చాలు, అక్క చెయ్యి గొట్టం మీదికి పోయేది. "ఇగ ఫికర్ లేదక్కా," అని చెప్పింది నేనే. నా మాట మీద ఆమె భయపడటం మానేసింది.

అక్క మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు ఇంటికి తెచ్చాక, బ్యాటరీని నిజామాబాద్‌లో ఒక పాత మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చార్జి ఎక్కించి ఒక పూట వదిలేశాడు. మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించింది, అంటే బాగున్నట్టే. గాజు గొట్టంలో కాడ పచ్చ దగ్గరే తేలింది. ఆయన రెంటినీ పక్కనపెట్టి, లారీ హెడ్‌లైట్లు రెండు తెచ్చి బ్యాటరీకి కట్టాడు. ఐదు నిమిషాల్లో లైట్లు కామెర్లొచ్చినట్టు పసుపుపచ్చగా మారి, ఆరిపోయాయి.

"తేజాబ్, గదే ఎసిడ్, ఎవరు పోసిన్రు సాబ్?"

"మా బావ."

"మెకానికా?"

"షక్కర్ ఫ్యాక్టరీల చేసిండు."

"షర్బత్ అనుకున్నడా?" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఎండేది నీళ్లే సాబ్, తేజాబ్ యాడికీ పోదు. పాతబడ్డకొద్ది లోపటి పలకలకు గట్టిగ అంటుకుంటది. పైకెల్లి మళ్ల పోస్తే కాడ పచ్చకొస్తది గని పలకలకు జీవం రాదు. ఉల్టా వాటినే తింటది. దమ్ము పలకల్ల ఉంటది, నీళ్లల్ల కాదు."

"మరి ఎట్ల తెలుసుకోవాలె?"

"బరువు పెట్టి సూడాలె, గిట్ల లైట్లో మిషనో నడిపి. గంటో రెండు గంటలో. ఇంకో తొవ్వ లేదు."

బావకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "అంటె నేనే…" అని ఆగిపోయాడు. డబ్బా తెచ్చింది నేనే కదా బావా అన్నాను. ఆయన తలెత్తలేదు. "పచ్చ మీదున్నది గద," అన్నాడు, నాతో కాదు.

"ఏం ముచ్చట పెట్టిన్రు, చాయ్ సల్లారుతుంది," అని లోపలి నుంచి అక్క పిలిచింది. ఇద్దరం లేచి వెళ్లాం. ఆమెకు చెప్పలేదు.

కొత్త బ్యాటరీ వచ్చింది. చిన్న సిలిండర్ కూడా ఒకటి తెచ్చాం, బోధన్ చేరేదాకా సరిపోతుంది, అంతే. మూడు నెలలకోసారి బరువు పెట్టి చూడమని మిస్త్రీ మరీమరీ చెప్పాడు. అలా చూస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది. నిండటానికి పది గంటలు కావాలి. ఆ పది గంటల్లో కరెంటు పోతే?

ఈ మాట అక్క ముందు కదిపాను. "పరీక్ష అనుకుంట నా గాలి బంద్ జేస్తరా? ఒద్దు తమ్మీ, నీకు దండం," అంది. నేను గట్టిగా చెప్పలేకపోయాను.

బ్యాటరీ వచ్చి ఐదు నెలలైంది. ఇంతవరకూ కరెంటు పోయిన ప్రతిసారీ పావుగంటలోపే వచ్చింది. దాని మీద అక్క మిషన్ ఎంతసేపు నడుస్తుందో మాకెవరికీ తెలియదు.