చెయ్యి తిరిగాక

మా బావ మీద నాకు కోపం. ఇప్పటికీ ఉంది. ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్నెవరూ తప్పుపట్టకూడదు.

ఆయన కాటాలు బాగుచేస్తాడు. తూకం తప్పిన కాటాను దుకాణంవాళ్లు తెచ్చి బల్ల మీద పెడితే, తూకపు రాళ్లు ఒక్కొక్కటే వేసి చూసి, మరలు తిప్పి, ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా లేవడు. గింజంత తేడా ఉన్నా ఆయనకు అన్నం సహించదు. అలాంటి మనిషికి యాభై దాటాక ఎవరో పాత డిజిటల్ కెమెరా ఒకటి ఇచ్చారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఆ వచ్చే ఆదివారమే స్టూడియో మేడ మీద ఫోటోలు నేర్పే తరగతిలో చేరిపోయాడు.

అక్కడి మాస్టారు ఆయనకు రెండు మాటలు చెప్పాడట. తీసిన ప్రతి ఫోటో గురించి పుస్తకంలో రాసుకోవాలి, ఎక్కడ తీశావు, వెలుతురు ఎంత, తప్పెక్కడ జరిగింది అని. తప్పున్న ఫోటోను జాలిపడకుండా చెరిపెయ్యాలి. మా బావకు అది వేదవాక్కు.

మా అక్క ఇంట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేది. కిటికీ పక్కన ముక్కాలిపీట, ఒళ్లో బట్టలు, పళ్ల మధ్య దారం. కిటికీలో పూలకుండీని ఫోటో తీయాలన్నా బావ ముందు ఆమెనే పిలిచేవాడు.

"ఇదిగో, ఒక్క నిమిషం ఇలా వచ్చి నిలబడు. వెలుతురు చూసుకోవాలి."

"ఫోటో కుండీకైతే మధ్యలో నేనెందుకండీ?"

"మనిషి మొహం మీద చూస్తేనే వెలుతురు తెలుస్తుందన్నాడు మాస్టారు."

సణుగుతూనే లేచేది. ఆయన రెండు మూడు సార్లు నొక్కి, కెమెరాలో అంకెలు సరిచేసుకుని, "సరే, ఇక తప్పుకో" అనేవాడు. ఆమె తప్పుకున్నాక అసలు ఫోటో తీసేవాడు. ఆమెవి చెరిపేసేవాడు. మెట్లు, కుళాయి, తలుపు గొళ్లెం, వాననీళ్లలో సైకిలు చక్రం... అన్నిటికంటే ముందు అక్కడ మా అక్క నిలబడింది. నాలుగేళ్లు నిలబడింది.

నా నోరు ఊరుకుంటుందా? "కుళాయికి ఇన్ని ఫోటోలా! కట్టుకున్నదానికి ఒక్కటి లేదా బావా?" అని అడిగేశాను.

"మీ అక్కది అలా ఇలా తీస్తే ఎలా, మరదలు పిల్లా? చెయ్యి తిరగనీ. చెయ్యి తిరిగాక మొదటి ఫోటో తనదే."

"ఆడలేక మద్దెల ఓడని రోజూ ఆ కెమెరాను తిడతావు. నీ చెయ్యి తిరిగేసరికి మా అక్కకు పళ్లూడిపోతాయి."

అక్క పడీపడీ నవ్వింది. "ఊడనీవే. బోసినోటితోనే తీయించుకుంటా." తరువాత వంటగదిలో, ఆయనకు వినబడకుండా, "ఫోటో కోసం నీలం శాలువా ఒకటి కొని పెట్టానే. మడత కూడా విప్పలేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు సిగ్గేసింది.

నాలుగో ఏడు ఆయన తీసిన కుళాయి ఫోటోను మాస్టారు తరగతి గోడకు అంటించాడు. ఇంకేం, ఇప్పుడైనా అక్కను తియ్యమన్నాను. "ముక్కు పక్కన నీడ ఇంకా నాకు లొంగడం లేదు. కొన్నాళ్లు ఆగు" అన్నాడు. అక్క ఆగింది. ఆమెకు ఆగడం అలవాటే.

వానలు మొదలైన వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు ఉదయం పోయింది. ఆ నీలం శాలువా మడత విప్పి నేనే ఆమె మీద కప్పాను.

గోడకు పెట్టుకుందామంటే ఫోటో లేదు. పెళ్లి ఫోటోలు ఎప్పుడో కప్పు కారి నీళ్లపాలయ్యాయి. నా పాత ఫోన్‌లో ఉన్న ఒక్కటీ ఆ ఫోన్‌ పాడైనప్పుడే పోయింది. కెమెరాలో పద్నాలుగు వందల ఫోటోలున్నాయి, అక్క ఒక్కదాంట్లోనూ లేదు. చెరిపినవి తిరిగి వస్తాయేమోనని స్టూడియో అతను రెండు రోజులు తంటాలు పడితే మళ్లీ కుండీలే వచ్చాయి. చివరికి ఆమె గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మను పెద్దది చేయించాము. అంతా చుక్కలు. ఎవరో గద్దించినట్టు బెదిరిపోయిన మొహం. అది మా అక్క కాదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నాలుగేళ్లు నీ కళ్లెదురుగా నిలబడింది కదయ్యా!" అని అరిచాను. ఆయన పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి అవతలికి వెళ్లిపోయాడు.

"ఉదయం పది. కిటికీ. మా ఆవిడ నవ్వింది. కదిలింది. చెరిపేశాను."

"మెట్లు. మబ్బు. ఏదో అంటూ చెయ్యి ఊపింది. మసక. చెరిపేశాను."

"కుళాయి. ఎండ. కళ్లు మూసుకుని నవ్వింది. చెరిపేశాను."

పేజీల నిండా ఇదే. ఆమె నవ్విన ప్రతి నవ్వునూ తేదీ వేసి, తప్పుల కింద రాసుకున్నాడు. ఆ పుస్తకం ఆయన మొహాన విసిరికొట్టాలనిపించింది. కానీ చేతులు రాలేదు. అక్క ముక్కాలిపీట మీద కూర్చుని, మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుతూ ఏడ్చాను.

నెలల తరబడి ఆయన కెమెరా ముట్టలేదు. మొన్న ఒక ఆదివారం ఉదయం వెళ్లేసరికి, కెమెరా పట్టుకుని కిటికీ ముందు నిలబడి ఉన్నాడు.

"కుండీ తీద్దామని" అన్నాడు నన్ను చూసి. "వెలుతురు ఎంతుందో తెలియడం లేదు. ఒక్క నిమిషం అక్కడ నిలబడతావా?"

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి వెళ్లి నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది, అక్కడి నుంచి చూస్తే బావ ఎలా కనిపిస్తాడో. ఒక కన్ను మూసుకుని, నాలుక కొన బయటపెట్టి, బడిపిల్లాడిలా. అక్క ఎందుకు నవ్వేదో అర్థమైంది. నవ్వబోయి ఏడ్చేశాను. చేతులతో మొహం కప్పుకుంటుండగా ఆయన నొక్కాడు.

చాలాసేపు దాన్నే చూశాడు. "కదిలావు" అన్నాడు.

"అయితే చెరిపెయ్."

చెరపలేదు. కెమెరా బల్ల మీద పెట్టి, పుస్తకం తెరిచి, రాశాడు. ఆయన భుజం మీదుగా చదివాను.

"ఉదయం పది. కిటికీ. మరదలు ఏడ్చింది. కదిలింది. ఉంచాను."