కాలుకాలిన పిల్లి

మా పిన్ని చొక్కాలకు గుండీలు కుడుతుంది. ఒకే కార్ఖానాలో, ఒకే మిషను ముందు ఇరవై రెండేళ్లు. అయినా అక్కడ అందరూ ఆమెను పిలిచేది "కాలుకాలిన పిల్లి" అని. కూర్చున్నచోట కూర్చోదు మరి. గంటకోసారైనా లేచి హాలు ఆ చివరకు వెళ్లొస్తుంది.

ఆ చివర దారాల అక్క ఉంటుంది. ఒక్కో కట్ట చొక్కాలకు రంగు కలిసే దారం తీసి ట్రేలో పెట్టడం ఆవిడ పని. మొదటిరోజు పిన్నికి మిషను సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. ఏడాదిగా ఆవిడ కంటికి నలుపూ ముదురు నీలమూ ఒకటైపోయాయి. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం ఉండదు. అందుకే ప్రతి ట్రే కదిలేముందు పిన్ని వెళ్లి, కబుర్లాడుతున్నట్టు నిలబడి, తప్పు దారం మార్చేసి వచ్చేది.

కొత్త మేనేజరు వృథా తగ్గించే పద్ధతి తెచ్చాడు. హాలు బొమ్మ గీసి, ఎవరు లేచి ఎటు వెళ్లినా దానిమీద ఒక గీత పెట్టాడు. మర్నాడు దాన్ని గోడకు అంటించాడు. అందరివీ మూడు నాలుగు గీతలు. పిన్నిది చిక్కుపడ్డ దారపుండ.

"అబ్బో, పిల్లి ఊరంతా తిరిగొచ్చిందే!" అని ఇస్త్రీ ఆయన నవ్వాడు.

"పదకొండుసార్లు. ఎందుకమ్మా?" అన్నాడు మేనేజరు.

పిన్ని అక్క వైపు చూడలేదు. చూస్తే దొరికిపోతుంది.

"నడవకపోతే ఆవిడ పోతుంది. నడిస్తే ఇద్దరం పోతాం," అంది ఇంటికొచ్చి, కంచం ముందు చేయి కదపకుండా.

తెల్లారి తనే మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"నడక వృథా అన్నారుగా బాబూ, నిజమే. అక్క బల్ల నా పక్కన వేయించండి. ట్రేలకీ దారి తగ్గుతుంది. ఆపైన లేస్తే అడగండి."

బల్ల వచ్చింది. నడక ఆగింది. పిన్ని రోజుకు రెండు కట్టలు ఎక్కువ కుట్టసాగింది. కుడుతూనే, బల్ల కింద మోకాలితో అక్క మోకాలిని తట్టేది. ఒకసారి తడితే నలుపు, రెండుసార్లయితే నీలం.

నెల తిరిగాక మేనేజరు దారాల పెట్టెలకు స్వయంగా కాగితాలు అంటించాడు. నలుపు, నీలం. ఒక్కో అక్షరం అరచేయంత.

అక్క చేయి ఆగిపోయింది. "ఇంతింత అక్షరాలు ఎవరికి బాబూ?"

"నాకేనమ్మా," అన్నాడతను కళ్లజోడు తుడుచుకుంటూ. "మోకాళ్లు కూడా అరిగిపోతాయి కదా, వృథాగా."

ఆ పూట పిన్ని ఒక గుండీని తిరగేసి కుట్టింది. అక్క దాన్ని తడిమి, దారం విప్పుతూ, "ఏమే, కళ్లు కనపడట్లేదా?" అంది.