కాలేదని చెప్పడానికి వచ్చే హెడ్డమ్మ

ఖాకీ బట్టలు కనిపిస్తే మా వీధివాళ్ళకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. హెడ్ కానిస్టేబులావిడ మొదటిసారి నా సెలూన్లోకి వచ్చి బెంచీ మీద కూర్చోగానే, కుర్చీలో ఉన్న పెద్దమనిషి గీసిన చెంప ఒకటి, నురగ చెంప ఒకటి వేసుకుని ఉడాయించాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడేమో నింపాదిగా, "కాసేపు కూర్చుంటాను తమ్ముడూ, మోకాళ్ళు పీకేస్తున్నాయి" అంది.

పరుగుపందేల్లో గెలిచి ఉద్యోగం తెచ్చుకున్న మనిషట. కూతురు ఖాకీ వేసుకుంటే పెళ్ళెలా అవుతుందని చుట్టాలు గగ్గోలు పెడితే, బస్సు డ్రైవరైన వాళ్ళ నాన్న, "నేనూ ఖాకీవాణ్ణే, నాకు అవలేదా?" అన్నాడట. ఇప్పుడు ఆవిడకి యాభై దాటాయి. జీపున్నా ఎక్కదు. జీపులోంచి చూస్తే మనుషుల వీపులే కనిపిస్తాయి అంటుంది.

నా సైకిలు పోయినప్పుడు, పక్కషాపు దర్జీ అక్క పోరు పడలేక ఆవిడకి చెప్పాను. మర్నాడు వచ్చి, "దొరకలేదు తమ్ముడూ" అంది. ఆ మర్నాడూ అదే మాట. వారం తిరిగేసరికి నాకు విసుగొచ్చింది.

"దొరకలేదని చెప్పడానికి పనిగట్టుకుని రావాలా మేడమ్?"

"రాకపోతే మర్చిపోయాననుకోవూ?"

నిజమే, అనుకునేవాణ్ణి. సైకిలు ఈనాటికీ దొరకలేదు. కానీ నన్ను చూసి మందుల షాపాయన వెలగని వీధిదీపం సంగతి చెప్పాడు, దర్జీ అక్క తాగొచ్చి గొడవచేసే అద్దెవాడి సంగతి చెప్పింది. కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు. కాలేదన్న మాట కూడా ఆవిడే వచ్చి చెప్పేది. మేడమ్ కాస్తా ఎప్పుడు హెడ్డమ్మ అయిందో మాకే తెలీదు.

ఒకరోజు మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్ళిన సమయంలో పక్కవీధి గడియారాల షాపులో దొంగలు పడ్డారు. తాళం పగలలేదు, ఎవరో మారు తాళంచెవితో తీశారు. ఆ తాళం అమర్చింది మా వీధి తాళాలబ్బాయి. ఇంకేముంది, అనుమానమంతా అతని మీదే. మర్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి నా సెలూన్లో కర్టెన్ వెనక దాక్కున్నాడు. నిజానికి ఆ మధ్యాహ్నమంతా అతను నా సెలూన్ ముందే మందుల షాపాయన బీరువాతో కుస్తీ పడుతున్నాడు. వీధి వీధంతా చుట్టూ చేరి ఉచిత సలహాలిచ్చింది. కానీ స్టేషన్ గడప తొక్కి ఆ మాట చెప్పేదెవరు? సాక్షిగా వెళ్ళినవాడు ముద్దాయిగా మిగిలిపోతాడని మా భయం.

హెడ్డమ్మ వచ్చింది. కర్టెన్ కింద చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసింది, నన్ను చూసింది, బెంచీ మీద కూర్చుంది. బీరువా సంగతంతా ఆవిడ చెవిన వేశాను.

"ఆ కర్టెన్ నేను తియ్యను తమ్ముడూ. సాయంత్రానికి అతను రాకపోతే జీపొస్తుంది. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు. ఇప్పుడే వస్తే నా పక్కన నడిచొస్తాడు, ఎవరూ చెయ్యి వెయ్యరు. అది నా మాట. కానీ వదిలిపెట్టాలంటే నా ఒక్కదాని మాట చాలదు. చూసినవాళ్ళు చెప్పాలి."

కర్టెన్ కదిలింది. అతను బయటికొచ్చి, "మా అమ్మకి చెప్పన్నా" అని మాత్రం అని ఆవిడతో నడిచాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా నేను కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యమేసింది. కత్తి కింద పడేసి బయల్దేరాను. దర్జీ అక్క మిషను ఆపేసింది. "నువ్వొక్కడివే చూశావా ఏం?" అంది చెప్పులు వెతుక్కుంటూ. మందుల షాపాయన మా ఇద్దరికంటే ముందే రోడ్డెక్కాడు. వెనక్కి తిరిగి చూస్తే వీధిలో సగంమంది వస్తున్నారు.

గుమ్మం నిండా జనాన్ని చూసి, గొడవకొచ్చామనుకుని ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

"సాక్ష్యం చెప్పడానికొచ్చాం సార్." నా గొంతు కీచుమంది.

ఆ తర్వాత మమ్మల్ని ఆపడం ఆయన తరం కాలేదు. బీరువా తలుపు ఎటు వంగింది, ఎవరి సలహాతో తెరుచుకుంది అన్న దగ్గర మాలో మాకే పోట్లాట మొదలైంది. ఇన్‌స్పెక్టరుకి నవ్వొచ్చింది. తాళాలబ్బాయిని ఇంటికి వెళ్ళమన్నాడు. మేము పెట్టిన కేకకి స్టేషన్ కిటికీలు అదిరాయి.

కబురందుకుని వచ్చిన వాళ్ళమ్మ బయట మెట్ల మీద కూలబడి ఉంది. కొడుకు ఒళ్ళంతా తడిమి చూసుకుంది. దెబ్బలేవీ లేవని నమ్మకం కుదిరాక లేచి హెడ్డమ్మ చెయ్యి పట్టుకుంది.

"రేపు మా ఇంట్లో భోంచెయ్యాలమ్మా నువ్వు."

హెడ్డమ్మ కళ్ళు తుడుచుకుంది. "వస్తాను పెద్దమ్మా. బట్టలు మార్చుకుని వస్తాలే. పోలీసులొచ్చారని నలుగురూ చూస్తే నీకు ఇబ్బంది."

"ఖాకీలోనే రా," అంది ఆ తల్లి. "నలుగురూ చూడాలి."